పెన్సిలిన్‌ను విడగొట్టే ఎంజైమ్: బయోరియాక్టర్ నుంచి అమాక్సిసిలిన్ దాకా

అమాక్సిసిలిన్ వాడని ఇల్లు మన ఊళ్లలో అరుదు. పిల్లాడికి చెవిపోటు వచ్చినా, పెద్దవాళ్లకు ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చినా డాక్టర్లు తరచూ రాసే మందు అది. దాని తయారీలో రెండు రకాల సూక్ష్మజీవుల శ్రమ ఉంది. పెన్సిలియం అనే బూజు పెన్సిలిన్-జిని ఇస్తుంది. ఆ పెన్సిలిన్-జి నుంచి అమాక్సిసిలిన్‌కు కావలసిన మూలాణువును విడదీసే ఎంజైమ్‌ను ఒక బాక్టీరియా ఇస్తుంది. బూజు కథ బడి పుస్తకాల్లోకి ఎక్కింది. బాక్టీరియా చేసే పని మాత్రం ఫ్యాక్టరీ గోడల మధ్యే ఉండిపోయింది.

ఆ ఎంజైమ్ పేరు పెన్సిలిన్ జి ఎసిలేజ్. దాన్ని బయోరియాక్టర్లలో ఎలా పెంచుతారు, ఇబ్బందులు ఎక్కడొస్తాయి, వాటిలో ఎన్ని తీరాయి, మన దేశం ఈ విద్యలో ఎక్కడుంది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. యాంటీబయాటిక్స్‌లో స్వావలంబన అనగానే మనం లక్షల లీటర్ల ఫెర్మెంటర్లనే తలుస్తున్నాం. ఎంజైమ్‌నిచ్చే స్ట్రెయిన్, దాన్ని నిలిపే రెసిన్ పూసలు, వ్యర్థాలను శుద్ధిచేసే క్రమశిక్షణ మన సొంతం కాకపోతే, ఆ ఫెర్మెంటర్లు ఎంత పెద్దవైనా స్వావలంబన అసంపూర్ణమే. ఈ సమీక్ష అంతటా నేను చెప్పదలచుకున్నది ఇదే.

మూలాణువు కోసం వెతుకులాట

1928లో ఫ్లెమింగ్ గుర్తించి, 1940 తర్వాత ఆక్స్‌ఫర్డ్ బృందం మందుగా మలిచిన పెన్సిలిన్‌కు రెండు లోపాలున్నాయి. కడుపులోని ఆమ్లాన్ని అది తట్టుకోలేదు కనుక ఇంజెక్షన్‌గా ఇవ్వాల్సి వచ్చేది. కొన్ని బాక్టీరియాలు దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ను సంతరించుకుని దాని ముందు నిలబడ్డాయి. ఈ రెండింటినీ దాటాలంటే అణువు రూపాన్నే మార్చాలి.

1957లో ఇంగ్లండ్‌లోని బ్రాక్‌హామ్ పార్క్‌లో బీచమ్ కంపెనీ పరిశోధకులు పెన్సిలిన్ మూలాణువును విడిగా పట్టుకున్నారు. అదే 6-అమైనో పెన్సిలానిక్ ఆమ్లం. పరిశ్రమలో అందరూ 6-ఏపీఏ అంటారు. దీనికి రకరకాల పక్క గొలుసులు తగిలించి మెథిసిలిన్‌ను, 1961లో యాంపిసిలిన్‌ను, 1972లో అమాక్సిసిలిన్‌ను తెచ్చారు. నోటితో మింగగలిగే, ఎక్కువ రకాల బాక్టీరియాపై పనిచేసే మందుల వరస అక్కడ మొదలైంది.

6-ఏపీఏను నేరుగా బూజు నుంచి రాబట్టబోతే దిగుబడి చాలా తక్కువ. పెన్సిలిన్-జిని విరివిగా పండించి, దాని పక్క గొలుసును తీసేయడమే మేలైన దారి. ఇలా తీసే ఎంజైమ్ ఉందని జపాన్‌లో సకగుచి, మురావో 1950లోనే బూజులో గమనించారు. 1960 నాటికి పలు కంపెనీల ప్రయోగశాలలు బాక్టీరియాల్లోనూ దాన్ని కనుగొన్నాయి. మన పేగుల్లో ఉండే ఇ.కోలి కుటుంబంలోని ఒక స్ట్రెయిన్, ఏటీసీసీ 11105, ఈ రంగానికి మూలపురుషుడైంది.

రసాయనం ఓడిన చోటు

పెన్సిలిన్-జిలో ఒకే తరహా బంధాలు రెండు ఉన్నాయి. ఒకటి పక్క గొలుసును కలిపేది, రెండోది నాలుగు పరమాణువుల బీటా-లాక్టమ్ వలయంలోనిది. మందు శక్తి అంతా ఆ వలయంలోనే ఉంది. ఒత్తిడికి లోనై ఉండే ఆ వలయబంధమే రెండింటిలోనూ బలహీనం. ఆమ్లమో క్షారమో వేసి పక్క గొలుసును తెంచబోతే ముందు వలయమే విడిపోతుంది. తెగాల్సింది బలమైన బంధం, మిగలాల్సింది బలహీనమైన బంధం. ఇదీ రసాయన శాస్త్రవేత్తల ముందున్న చిక్కు.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరం పేరుతో ప్రసిద్ధమైన రసాయన పద్ధతి ఈ చిక్కును విప్పింది గానీ, మూల్యం ఎక్కువ. పెన్సిలిన్ ఆమ్ల భాగాన్ని సిలికాన్ సమ్మేళనంతో కప్పి, డైక్లోరోమీథేన్ ద్రావణంలో, సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌తో చర్య జరపాలి. తర్వాత బ్యుటనాల్, ఆపైన నీళ్లు. చుక్క తేమ తగిలినా చర్య చెడుతుంది. శీతలీకరణకు కరెంటు, క్లోరిన్ ద్రావణులు, డైమిథైల్ ఎనిలిన్ వంటి విషపదార్థాలు, వాటి వ్యర్థాలు అన్నీ ఖర్చే.

అదే పనిని ఎంజైమ్ మామూలు నీళ్లలో, 30 నుంచి 37 డిగ్రీల మధ్య, పీహెచ్ 8 దగ్గర చేస్తుంది. పక్క గొలుసులోని ఫినైల్ ఎసిటిక్ భాగాన్ని గుర్తుపట్టి అక్కడే తెంచుతుంది. వలయాన్ని తాకదు. విడివడిన ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం పీహెచ్‌ను కిందికి లాగుతుంది కనుక అమ్మోనియానో క్షారాన్నో అదేపనిగా చేరుస్తూ ఉండాలి. చివర్లో పీహెచ్‌ను సుమారు 4కు దించితే 6-ఏపీఏ స్ఫటికాలుగా అడుగున దిగుతుంది. బయటపడిన ఫినైల్ ఎసిటిక్ ఆమ్లాన్ని మళ్లీ పెన్సిలిన్ ఫెర్మెంటర్‌కే పంపవచ్చు. పెన్సిలిన్-జి పొటాషియం లవణం 100 కిలోలు తీసుకుంటే అణుభారాల లెక్క ప్రకారం గరిష్ఠంగా 58 కిలోల 6-ఏపీఏ వస్తుంది. మంచి ఎంజైమ్ ప్లాంటు ఆ అంకెకు దగ్గరగా చేరుతుంది. అందుకే 6-ఏపీఏ తయారీలో రసాయన పద్ధతి దాదాపు కనుమరుగైంది.

కణం లోపలి చిక్కులు

ఇంత ఉపకారి అయిన ఎంజైమ్‌ను బాక్టీరియా తేలిగ్గా ఇవ్వదు. సహజ ఇ.కోలి స్ట్రెయిన్ దాన్ని చేయాలంటే ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం పురిగొల్పాలి. గ్లూకోజ్ కనిపిస్తే చాలు, ఉత్పత్తి ఆగిపోతుంది. మరో షరతు ఉష్ణోగ్రత. ఇ.కోలి హాయిగా పెరిగేది 37 డిగ్రీల దగ్గర, ఈ ఎంజైమ్‌ను చక్కగా ఇచ్చేది 30 డిగ్రీలకు దిగువన.

జన్యు ఇంజనీరింగ్ తొలి రోజుల్లోనే ఈ కట్లను తెంచే ప్రయత్నం జరిగింది. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో మేయర్, కాలిన్స్, వాగ్నర్ 1979 ప్రాంతంలో ఈ ఎంజైమ్ జన్యువును విడదీసి, కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయాలైన ప్లాస్మిడ్‌ల ద్వారా ఒక్కో కణంలో అనేక ప్రతులుగా పెట్టారు. పరిశ్రమకు పనికొచ్చే ఎంజైమ్‌ల్లో అంత తొందరగా క్లోనింగ్ జరిగినవి కొన్నే. గ్లూకోజ్ అడ్డు, ఫినైల్ ఎసిటిక్ అవసరం కూడా జన్యు మార్పులతో క్రమంగా తొలగాయి.

అయితే జన్యువు ప్రతులు పెరిగినంత మాత్రాన ఎంజైమ్ పెరగదని త్వరలోనే తేలింది. ఈ ప్రొటీన్ 846 అమైనో ఆమ్లాల ఒకే గొలుసుగా పుడుతుంది. ముందుండే 26 అమైనో ఆమ్లాలు దాన్ని లోపలి పొర దాటించి, రెండు పొరల నడుమ ఉండే పెరిప్లాజమ్‌కు చేర్చే చిరునామా. అక్కడ గొలుసు తనంతట తాను తెగి, మధ్యలోని 54 అమైనో ఆమ్లాల ముక్కను వదిలించుకుని, 209 అమైనో ఆమ్లాల ఆల్ఫా, 557 అమైనో ఆమ్లాల బీటా భాగాలుగా కుదురుకుంటుంది. బీటా భాగం మొదట్లో ఉన్న సెరిన్ అప్పుడే బయటపడి పనిలోకి దిగుతుంది. ఇంగ్లండ్‌లోని యార్క్ పరిశోధకులు 1995లో నేచర్ పత్రికలో దీని స్ఫటిక నిర్మాణాన్ని ప్రచురించాక ఈ తంతు స్పష్టమైంది.

కణాన్ని తొందరపెడితే ఈ క్రమం తప్పుతుంది. గొలుసులు పొర దాటలేక, సరిగా మడత పడక, పనికిరాని ముద్దలుగా పేరుకుంటాయి. ఆ ముద్దల వల్ల కణం పెరుగుదలా మందగిస్తుంది. ఉష్ణోగ్రతను తగ్గించడం, ప్రేరకాన్ని కొద్దికొద్దిగా ఇవ్వడం, నిర్మాణానికి అవసరమైన కాల్షియం అందించడం, మడతకు తోడ్పడే ప్రొటీన్లను అదనంగా చేయించడం వంటి మార్గాలతో దశాబ్దాల తరబడి దిగుబడి పెంచుతూ వచ్చారు. వేగాన్ని కొంత వదులుకుంటేనే పనిచేసే ఎంజైమ్ ఎక్కువ దక్కుతుందన్నది ఈ పరిశోధనలన్నింటి సారాంశం.

మరో దారి బాసిల్లస్ మెగాటీరియం. ఇది తన ఎసిలేజ్‌ను ద్రావణంలోకే వదులుతుంది కనుక కణాలను పగలగొట్టే పని తప్పుతుంది. ఆల్కలిజెనిస్ ఫీకాలిస్ అనే బాక్టీరియా ఎసిలేజ్ వేడిని ఎక్కువగా ఓర్చుకుంటుంది. దాని జన్యువును ఇ.కోలిలో పెట్టి వాడుకునే ప్రయత్నాలు జరిగాయి. ఎవరికి ఏ దారి కలిసొస్తుందో వాళ్ల దగ్గరున్న స్ట్రెయిన్, ప్లాంటు నిర్ణయిస్తాయి.

బయోరియాక్టర్‌లో అసలు పరీక్ష

గడ్డకట్టించి దాచిన చిన్న వయల్ నుంచి ఫ్లాస్క్‌లోకి, అక్కడి నుంచి సీడ్ ట్యాంకులోకి, ఆ తర్వాత ప్రధాన ఫెర్మెంటర్‌లోకి కల్చర్ వెళుతుంది. ముందుగా ట్యాంకునూ మీడియంనూ 121 డిగ్రీల ఆవిరితో శుద్ధి చేస్తారు. ఇంతవరకు ఏ ఫెర్మెంటేషన్‌కైనా ఒకటే. ఇ.కోలిని చిక్కగా పెంచడం మొదలుపెట్టాకే సమస్యలు బయటపడతాయి.

మొదటి సమస్య ఆక్సిజన్. గాలితో సంతృప్తమైన నీటిలో 30 డిగ్రీల దగ్గర లీటరుకు 7, 8 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ కరగదు. చిక్కటి కల్చర్ దాన్ని కొన్ని సెకన్లలో తినేస్తుంది. కనుక గాలిని కింది నుంచి ఊదుతూ, రెక్కలతో చిలుకుతూ, ట్యాంకులో ఒత్తిడి పెంచుతూ, అవసరమైతే శుద్ధ ఆక్సిజన్ కలుపుతూ ఉండాలి. ఆపరేటర్లు రేయింబవళ్లు కళ్లప్పగించి చూసే అంకె డీఓ, అంటే కరిగిన ఆక్సిజన్. అది పడిపోతే కణాలు దారి తప్పి ఆమ్లాలను వదులుతాయి.

రెండోది వేడి. కణాలు ఎంత ఆక్సిజన్ వాడితే అంత వేడి పుడుతుంది. ట్యాంకు పెద్దదయ్యే కొద్దీ ఘనపరిమాణం పెరిగినంతగా గోడల వైశాల్యం పెరగదు. ప్రయోగశాలలో ఐదు లీటర్ల పాత్రలో అవలీలగా చల్లబడిన కల్చర్, వేల లీటర్ల ట్యాంకులో లోపలి కాయిల్స్, చల్లటి నీళ్లు లేకుండా అదుపులోకి రాదు. ఈ ఎంజైమ్‌కు తక్కువ ఉష్ణోగ్రత కావాలి కనుక మన తీరంలోని మే నెల ఎండల్లో చిల్లర్ల కరెంటు బిల్లు నేరుగా ఉత్పత్తి ఖర్చులోకి చేరుతుంది.

మూడోది మేత. గ్లూకోజ్‌ను ఒకేసారి కుమ్మరిస్తే ఇ.కోలి వాడుకోలేక ఎసిటేట్‌గా వదిలేస్తుంది, ఆ ఎసిటేట్ దాని పెరుగుదలనే అడ్డుకుంటుంది. పసిపిల్లకు ముద్దముద్దగా తినిపించినట్టు, కల్చర్ పెరుగుదలకు సరిపడా చక్కెరను సన్నని ధారగా పంపాలి. ఫెడ్-బ్యాచ్ పద్ధతి అంటే ఇదే. గ్లిసరాల్ వాడితే ఎసిటేట్ బెడద తగ్గుతుంది.

నాలుగోది స్థిరత్వం. ప్లాస్మిడ్ కణానికి బరువు. సందు దొరికితే దాన్ని వదిలించుకున్న కణాలు వేగంగా పెరిగి మిగతావాటిని దాటేస్తాయి. దాన్ని అరికట్టడానికి ప్లాస్మిడ్‌లో యాంటీబయాటిక్ నిరోధక జన్యువు పెట్టి, మీడియంలో ఆ యాంటీబయాటిక్ కలపడం పాత అలవాటు. నిరోధకత ప్రపంచ సమస్యగా మారిన ఈ రోజుల్లో దాన్ని కొనసాగించడం సమర్థనీయం కాదు. జన్యువును క్రోమోజోమ్‌లోనే నిలపడం, నిరోధక జన్యువు లేని ఎంపిక పద్ధతులు వాడడం సాధ్యమే. కొత్త ప్లాంట్లు ఈ దారినే పట్టాలి.

ఇక బాక్టీరియాపై దాడిచేసే ఫేజ్ వైరస్‌లు ఇ.కోలి ప్లాంట్లకు ఆగర్భ శత్రువులు. ఒక్కసారి చొరబడితే కొన్ని గంటల్లో మొత్తం బ్యాచ్ కరిగి నీళ్లవుతుంది. గాలి వడపోత, డ్రైనేజీ శుభ్రత, ఫేజ్‌ను తట్టుకునే స్ట్రెయిన్లు తప్ప మందు లేదు.

వందల బ్యాచ్‌లకు ఒకే ఎంజైమ్

బ్యాచ్ ముగిశాక కణాలను సెంట్రిఫ్యూజ్‌తో వేరుచేసి, అధిక పీడనంతో పగలగొట్టి, శిథిలాలను తీసేసి, అల్ట్రాఫిల్ట్రేషన్‌తో ఎంజైమ్‌ను చిక్కబరుస్తారు. ఈ దశలో బీటా-లాక్టమేజ్ అనే మరో ఎంజైమ్ అవశేషం ఉందంటే ముప్పే. అది పెన్సిలిన్ వలయాన్నే విరిచేస్తుంది. కనుక అది చేయని స్ట్రెయిన్‌నే ఎంచుకోవాలి.

ఆ ఎంజైమ్‌ను ద్రావణంలో కలిపేస్తే ఒక్క బ్యాచ్‌తో పోతుంది. మందులో ప్రొటీన్ మిగిలి అలర్జీకి కారణమయ్యే ప్రమాదమూ ఉంది. సన్నని పాలిమర్ పూసలకు దాన్ని అతికించి నిలపడంతో రెండు సమస్యలూ తీరాయి. ఎపాక్సీ సమూహాలున్న మెథాక్రిలేట్ పూసలు ఇందులో ముందు వరుసలో ఉన్నాయి. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో రోమ్ కంపెనీ చేసిన యూపర్‌గిట్ ఒకప్పుడు ఈ పనికి ప్రామాణికం. అడుగున జల్లెడ ఉన్న ట్యాంకులో పూసలను పెన్సిలిన్ ద్రావణంతో కలిపి, చర్య ముగిశాక ద్రావణాన్ని వార్చి, పూసలపై కొత్త బ్యాచ్ పోస్తారు. అలా ఒకే ఎంజైమ్ వందల బ్యాచ్‌లకు పనిచేస్తుంది. చిలికే రెక్కలకు పూసలు నలగకుండా చూడాలి. కదలని పడకగా అమర్చబోతే పుట్టిన ఆమ్లం ఒకచోట పేరుకుని ఎంజైమ్‌ను దెబ్బతీస్తుంది.

దీని వల్ల ఆర్థిక చిత్రం తలకిందులైంది. 6-ఏపీఏ ఖర్చులో సింహభాగం పెన్సిలిన్-జిది, ఎంజైమ్‌ది కొద్ది వాటా. పూసల నాణ్యత తగ్గి దిగుబడి ఒక్క శాతం పడినా, ఎంజైమ్ మీద మిగుల్చుకున్న డబ్బు కంటే ఎక్కువ నష్టం వస్తుంది. చౌక ఎంజైమ్ కంటే నిలకడైన ఎంజైమ్ విలువైనదని అనుభవమున్న ప్లాంటు మేనేజర్లందరికీ తెలుసు.

6-ఏపీఏకు అవతల

సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్స్‌కు మూలమైన 7-ఏసీఏ తయారీకి ఒక్క ఎసిలేజ్ చాలలేదు. డి-అమైనో ఆమ్ల ఆక్సిడేజ్, గ్లుటారిల్ ఎసిలేజ్ అనే రెండు ఎంజైమ్‌లు వరసగా పనిచేయాల్సి వచ్చింది. మొదటిది ఈస్ట్ నుంచి, రెండోది సూడోమోనాస్ బాక్టీరియా నుంచి దొరికినా, ఇప్పుడు రెండింటినీ ఇ.కోలిలోనే చేయించవచ్చు. మొదటి దశలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎంజైమ్‌ను తినేస్తుంది. అందుకే ఒకే దశలో పని ముగించే సెఫలోస్పోరిన్-సి ఎసిలేజ్‌ను ఉత్పరివర్తనాలతో మలిచారు. అమాక్సిసిలిన్ పక్క గొలుసైన డి-హైడ్రాక్సీ ఫినైల్ గ్లైసిన్‌నూ హైడాంటాయినేజ్ అనే బాక్టీరియా ఎంజైమ్‌తోనే చేస్తారు.

అన్నింటికంటే ఆసక్తికరం, పెన్సిలిన్ జి ఎసిలేజ్‌నే వెనక్కి నడిపించడం. 6-ఏపీఏకు పక్క గొలుసు ఎస్టర్‌ను అదే ఎంజైమ్ అతికించి నీళ్లలోనే అమాక్సిసిలిన్ చేస్తుంది. అయితే అది ఎస్టర్‌నూ, పుట్టిన మందునూ నీటితో విడగొట్టే పని కూడా చేస్తుంది. ఏ పని ఎంత వేగంగా జరుగుతుందన్న నిష్పత్తి మీదే లాభనష్టాలు ఆధారపడతాయి. బీటా భాగంలో 24వ స్థానంలోని ఫినైల్ ఎలనిన్‌ను మారిస్తే అతికించే గుణం మెరుగవుతుందని తేలడం ఈ రంగంలో పెద్ద అడుగు. ఈ పద్ధతిలో వాణిజ్య ఉత్పత్తి సాగుతోంది. క్లోరిన్ ద్రావణుల వాడకాన్ని అది బాగా తగ్గించింది.

మన దేశం: చేజారిన విద్య

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తోడ్పాటుతో 1954లో పుణె దగ్గర పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ ఏర్పడింది. సోవియట్ సాయంతో ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్ ప్లాంటు పెట్టింది. పింప్రి పరిశోధకులూ, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల వారూ పెన్సిలిన్ ఎసిలేజ్‌పై ఏళ్ల తరబడి కృషిచేశారు. పెన్సిలిన్-వి ఎసిలేజ్ నిర్మాణాన్ని 1999లో వెల్లడించిన బృందంలో పుణె శాస్త్రవేత్తలు యార్క్ వారితో భుజం కలిపారు. అంటే ఈ విద్య మనకు కొత్తది కాదు.

అయినా దిగుమతి సుంకాలు తగ్గి, చైనా సరుకు చౌకగా వెల్లువెత్తడంతో మన పెన్సిలిన్-జి ప్లాంట్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మొక్కజొన్న, బొగ్గు చౌకగా దొరికే ఇన్నర్ మంగోలియా, షింజియాంగ్ వంటి ప్రాంతాల్లో చైనా భారీ ఫెర్మెంటర్లు నిలిపింది. ఐడీపీఎల్ హైదరాబాద్ ప్లాంటు నుంచి ఎదిగిన నిపుణులు తెలుగు నేలను బల్క్ డ్రగ్స్ కేంద్రంగా మార్చారు గానీ, ఫెర్మెంటేషన్ మూలాలు మాత్రం చేజారాయి. అర్ధకృత్రిమ పెన్సిలిన్లతోనే వ్యాపారం ఆరంభించిన అరబిందో ఫార్మా వంటి సంస్థలు కూడా ముడిసరుకు కోసం చైనా వైపు చూడాల్సి వచ్చింది.

ఒకే చోట ఆధారపడడం ఎంత ప్రమాదమో 2016లో తెలిసింది. చైనాలోని జినాన్‌లో ఒక ప్లాంటులో పేలుడు జరిగితే, మరుసటి ఏడాది పిపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయాటిక్‌కు ప్రపంచమంతా కరువొచ్చింది. కోవిడ్ మొదలయ్యాక కేంద్రం రూ.6,940 కోట్ల ప్రోత్సాహక పథకం తెచ్చింది. అందులోని 41 ఉత్పత్తుల్లో పెన్సిలిన్-జి, 7-ఏసీఏ, ఎరిత్రోమైసిన్ థయోసైనేట్, క్లావులానిక్ ఆమ్లం ఫెర్మెంటేషన్‌తో వచ్చే కీలక ముడిసరుకులు. ఆ పథకం కిందే కాకినాడ జిల్లా తొండంగి మండలంలో అరబిందో అనుబంధ సంస్థ లైఫియస్ ఫార్మా ఏటా 15,000 టన్నుల సామర్థ్యంతో పెన్సిలిన్-జి ప్లాంటు కట్టింది. 2024 అక్టోబరులో దాన్ని ప్రధాని ప్రారంభించారు. తెలుగు తీరంలో ఇంత పెద్ద ఫెర్మెంటేషన్ లేవడం గర్వకారణం. అయితే అమ్మకాల మీద ఇచ్చే 20 శాతం ప్రోత్సాహకం మొదటి నాలుగేళ్లకే. ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. పోటీదారు ధర దించితే నిలబడేది దిగుబడి, శక్తి వినియోగం, ఎంజైమ్ నాణ్యతల్లో ముందున్న ప్లాంటే.

తీరని రుణం: నీళ్లు, నిరోధకత

ఎంజైమ్ పద్ధతి శుభ్రమైనదన్నది నిజం. అది సంపూర్ణ నిజం కాదు. ద్రావణుల విషం తగ్గినా యాంటీబయాటిక్ అవశేషాలున్న నీళ్లు, బూజు ముద్దలు, జన్యుమార్పిడి కణాలు మిగులుతాయి. కణాలను చంపకుండా బయటికి వదలకూడదు. నిరోధక జన్యువులున్న ప్లాస్మిడ్‌లైతే ఇంకా జాగ్రత్త కావాలి.

ఈ పాఠాన్ని తెలంగాణ ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకుంది. 2007లో లార్సన్ బృందం ప్రచురించిన పరిశోధనలో, పటాన్‌చెరు ప్రాంత మందుల కంపెనీల నీటిని శుద్ధిచేసే కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. సిప్రోఫ్లాక్సాసిన్ పూర్తిగా రసాయన పద్ధతిలో చేసే మందు, ఎంజైమ్‌లతో దానికి సంబంధం లేదు. కానీ వ్యర్థజలాన్ని పట్టించుకోని పరిశ్రమ నిరోధక బాక్టీరియాను పెంచే ఫెర్మెంటర్‌గా మారుతుందన్న సత్యం ఏ యాంటీబయాటిక్‌కైనా వర్తిస్తుంది. వ్యర్థాల్లో అవశేషాలకు పరిమితులు విధిస్తూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చినా, తుది నిబంధనల్లో అవి నిలవలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలు ప్రకటించింది. వాటిని మనం చట్టంగా మార్చుకోవాలి.

చేయాల్సిన పని

సైన్స్ పరంగా చూస్తే పెన్సిలిన్ జి ఎసిలేజ్ ఉత్పత్తి చాలా వరకు పరిష్కారమైన ప్రశ్న. నిర్మాణం తెలుసు, జన్యువు తెలుసు, ఫెడ్-బ్యాచ్ తెలుసు, పూసలు తెలుసు. ఎంజైమ్‌ను వెనక్కి నడిపే సంశ్లేషణలో, ఒకే దశ 7-ఏసీఏ ఎంజైమ్‌లో, నిరోధక జన్యువు లేని స్ట్రెయిన్లలో ఇంకా చేయాల్సింది ఉంది. అక్కడ మన విశ్వవిద్యాలయాలకు నిజమైన అవకాశం ఉంది.

విధాన పరంగా మూడు పనులు అత్యవసరం. మొదటిది, ఎంజైమ్‌ల ఉత్పత్తికీ వాటిని నిలిపే రెసిన్ పూసలకూ పెన్సిలిన్-జితో సమానంగా ప్రోత్సాహకాలు ఇవ్వాలి. రెండోది, ప్రభుత్వ ప్రయోగశాలల్లో స్ట్రెయిన్ల భాండాగారాన్నీ, చిన్న కంపెనీలు అద్దెకు వాడుకునే పైలట్ ఫెర్మెంటర్లనూ నెలకొల్పాలి. ప్రయోగశాల ఫ్లాస్క్‌కూ ఫ్యాక్టరీ ట్యాంకుకూ మధ్య ఉన్న అగాధంలోనే మన పరిశోధనలు ఎక్కువగా మునిగిపోతున్నాయి. మూడోది, ఆసుపత్రుల కోసం ప్రభుత్వం మందులు కొనేటప్పుడు ధరతో పాటు వ్యర్థజలంలో అవశేషాల లెక్కనూ టెండరు షరతుగా పెట్టాలి. చౌకగా చేసి చెరువును చెరిపేవాడికీ, ఖర్చుపెట్టి శుద్ధిచేసేవాడికీ ఒకే ధర ఇస్తే రెండోవాడు నిలవలేడు.

పెన్సిలిన్-జి ఫెర్మెంటర్లు మళ్లీ మన గడ్డమీద తిరుగుతున్నాయి. ఒకసారి పోగొట్టుకున్న విద్య ఇది. ఈసారి ఎంజైమ్‌తో, పూసతో, శుద్ధిచేసిన నీటితో సహా పూర్తిగా మన చేతిలోకి తెచ్చుకుంటేనే నిలుస్తుంది.